తెగిన తోకలు

బస్సు పూర్తి మాట కాదు, ఒక విభక్తి ప్రత్యయం. లాటిన్‌లో 'ఆమ్నిబస్' అంటే 'అందరి కొరకు'. అందులో 'అందరు' అన్న అర్థమంతా తలభాగంలోనే ఉంది. చివర మిగిలేది మన 'కొరకు' లాంటి ముక్క, అంతే. 1820ల్లో ఫ్రాన్స్‌లో, డబ్బిచ్చిన ఎవరినైనా ఎక్కించుకునే గుర్రబ్బండికి ఈ పేరు పెట్టారు. 1829లో జార్జ్ షిల్లిబీర్ అనే ఆయన అదే పేరుతో లండన్ వీధుల్లో బండి నడిపాడు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక జనానికి ఉండదు కదా. తల ఊడిపోయింది, తోక మిగిలింది. బళ్లో 'కొఱకున్, కై చతుర్థీ విభక్తి' అని ఊగుతూ వల్లించిన మనం, పెద్దయ్యాక అదే చతుర్థీ విభక్తిలోకి కిటికీ గుండా కర్చీఫ్ విసిరి సీటు ఆపుకుంటున్నాం. మినీబస్, ట్రాలీబస్, ఎయిర్‌బస్ అన్నీ ఆ తోకకు పుట్టిన పిల్లలే. ఎయిర్‌బస్‌ను అక్షరాలా విప్పితే 'గాలి కొరకు' అని వస్తుంది. ఎవరూ విప్పరు. విమానం బాగానే ఎగురుతుంది.

ఇంగ్లీషులో ఇలా తోక తెగి సొంతంగా బతికే ముక్కల జాతి ఒకటుంది. 'నెస్', 'ఇజం' లాంటి అసలైన ప్రత్యయాల సంగతి వేరు. అవి పుట్టుకతోనే ప్రత్యయాలు, వ్యాకరణం వాటికి ఎప్పుడో పట్టా ఇచ్చేసింది. నేను చెప్పేది పట్టా లేని వాటి గురించి. ఏదో ఒక మాట బాగా పేరుపడుతుంది. దాని చివరి ముక్క జనానికి నచ్చుతుంది. దాన్ని లాగి ఇంకో మాటకు సరదాగా తగిలిస్తారు. నాలుగు మాటలకు తగిలించేసరికి అది ప్రత్యయంలా నటించడం మొదలుపెడుతుంది. 2010లో ఆర్నల్డ్ జ్వికీ అనే అమెరికన్ భాషావేత్త వీటికి 'లిబ్‌ఫిక్స్' అని పేరు పెట్టాడు. విడుదలైన ప్రత్యయం అనుకోవచ్చు. బల్లి తోక తెగితే కాసేపు నేల మీద గిలగిలలాడి ఊరుకుంటుంది. ఇంగ్లీషు తోక అలా ఊరుకోదు, వెళ్లి ఇంకో ఒంటికి అతుక్కుంటుంది.

ఈ తోకల్లో నన్ను మొదట ఆకర్షించింది వాటి కోత. వాటిలో చాలా ముక్కలు సరైన కీలు దగ్గర తెగలేదు. హాంబర్గర్‌నే చూడండి. హాంబర్గ్ జర్మనీలో ఒక రేవు పట్టణం. ఆ ఊరి తాలూకు తిండి హాంబర్గర్. కోయాలంటే 'హాంబర్గ్' దగ్గర కోయాలి. కానీ ఇంగ్లీషులో 'హామ్' అంటే పంది మాంసం. చెవికి 'హామ్' విడిగా వినిపించింది, మిగిలింది 'బర్గర్' అనిపించింది. ఆ తిండిలో పంది మాంసం లేనేలేదన్న సంగతి ఎవరికీ అడ్డు రాలేదు. చీజ్ బర్గర్, చికెన్ బర్గర్, చివరికి మన ఆలూ బర్గర్. 'బర్గ్' అంటే జర్మన్‌లో కోట. ఆ లెక్కన ఆలూ బర్గర్ అంటే ఆలుగడ్డ కోటలో కాపురముండేవాడు.

హెలికాప్టర్ కథా ఇదే. గ్రీకులో మెలికకు ఒక మాట, రెక్కకు ఇంకో మాట. రెండూ కలిపి 1861లో ఒక ఫ్రెంచి ఆయన పేరు కట్టాడు. విడదీస్తే 'హెలికో' ఒక పక్కకూ 'ప్టర్' ఇంకో పక్కకూ రావాలి. 'ప్టర్' అనడానికి ఏ నోరు తిరుగుతుంది? అందుకని జనం 'హెలి', 'కాప్టర్' అని విరిచారు. ఒక ముక్క హెలిపాడ్‌లోకి పోయింది, ఇంకో ముక్క పెళ్లి షూటింగుల్లో నెత్తి మీద రొద పెట్టే క్వాడ్‌కాప్టర్‌లోకి చేరింది. ఆ గ్రీకు రెక్క, సంస్కృత 'పత్రం' ఒకే మూలం నుంచి వచ్చినవి. పత్రానికి ఆకు అనే కాదు, రెక్క అన్న అర్థమూ ఉంది. అంటే పెళ్లి మండపం మీద తిరిగే ఆ యంత్రానికీ, కింద అతిథుల చేతుల్లో ఉన్న పెళ్లిపత్రికకూ దూరపు చుట్టరికం ఉంది. కోత తప్పు చోట పడకపోతే ఈ చుట్టరికం పైకే కనిపించేది.

రోబోట్ సంగతి ఇంకా చిత్రం. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ఒక నాటకం రాశాడు. అందులో కారఖానాలో తయారైన మనుషుల్లాంటి పనివాళ్లకు ఏం పేరు పెట్టాలో తోచక తంటాలు పడుతుంటే, బొమ్మలేసే అన్న యోసెఫ్ ఈ మాట అందించాడు. చెక్ భాషలో 'రొబోటా' అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసే పని. తెలంగాణ పల్లెల్లో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: వెట్టి. ఆ వెట్టి మాటకు తల తీసేసి 'బాట్' అనే తోక మిగిల్చుకున్నారు. ఇవాళ బ్యాంకు యాప్‌లో చాట్‌బాట్‌ను మన అకౌంట్‌లో డబ్బెందుకు కోశారని అడుగుతున్నాం. దొరల కాలపు గోడంతా తలతో పాటే పోయింది. తోక మాత్రం చేతులు కట్టుకుని 'మీకు నేనెలా సాయపడగలను' అని నిలబడింది.

మాటను జనం పుట్టుక చూసి గుర్తుపెట్టుకోరు, చెవికి ఎలా తగిలిందో దాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు. వ్యాకరణం చెప్పిన కీలు దగ్గర కాకుండా, చెవికి కీలనిపించిన చోట విరుస్తారు. పండితుడి లెక్కలో అది తప్పు. కానీ ఆ తప్పు వల్లే అందులోంచి కొత్త ముక్క దొరికింది.

'హోలిక్' అనే తోక ప్రయాణం చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. అరబ్బీలో 'అల్ కుహ్ల్' అంటే కళ్లకు పెట్టుకునే సుర్మా, మెత్తగా నూరిన నల్లటి పొడి. ఆ మాట యూరప్‌లో రసవాదుల చేతుల్లో పడింది. మెత్తటి పొడి ఏదైనా ఆల్కహాలే అయింది. తర్వాత దేన్నుంచైనా వడగట్టి తీసిన సారం ఆల్కహాలయింది. ద్రాక్షసారాయిని బట్టీ పడితే వచ్చే సారం ఆ వరసలోదే. చివరికి ఆ ఒక్కదానికే పేరు మిగిలింది. కంటికి పెట్టుకునేది గొంతులోకి దిగింది. దానికి బానిసైనవాడు ఆల్కహాలిక్. ఇందులో ప్రత్యయం చివరున్న 'ఇక్' ఒక్కటే.

1968లో వేన్ ఓట్స్ అనే అమెరికన్ క్రైస్తవ బోధకుడు తన పనిపిచ్చి గురించి ఒక వ్యాసం రాస్తూ 'వర్కహోలిక్' అన్నాడు. తాగుబోతుకు సీసా ఎలాగో తనకు పని అలాగయిందని ఆయన బాధ. 1971లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన చేసిన కోతలో ప్రత్యయంతో పాటు ఆల్కహాల్ సగం ఒళ్లు కూడా ఊడి వచ్చింది. ఊడిరావడమే మంచిదైంది, లేకపోతే వ్యసనం వాసన అంటేది కాదు. ఆ తర్వాత షాపహోలిక్, చాకహోలిక్ అంటూ వరస కట్టాయి.

ఇందులో నాకు గుచ్చుకునే సంగతి ఒకటుంది. ఆయన రోగమని ఒప్పుకోవడానికి చేసిన మాటను ఇవాళ కుర్రాళ్లు గొప్పగా చెప్పుకుంటున్నారు. ఇంటర్వ్యూలో నీ బలహీనత ఏమిటని అడిగితే 'నేను వర్కహోలిక్‌నండీ' అని సిగ్గుపడుతూ నవ్వేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. 'నేను తాగుబోతునండీ' అని అదే నవ్వుతో చెప్పగలరా? తోక ఇంకో ఒంటికి అతుక్కునేటప్పుడు పాత ఒంటి నొప్పిని వెంట తీసుకుపోదు, పేరును మాత్రమే తీసుకుపోతుంది.

ఇక తోకలన్నిటికీ రాజు 'గేట్'. వాటర్‌గేట్ అమెరికా రాజధానిలో నది ఒడ్డున ఉన్న ఒక భవన సముదాయం. 1972 జూన్ 17న అక్కడి డెమోక్రాటిక్ పార్టీ ఆఫీసులో దొంగతనంగా దూరిన అయిదుగురు దొరికిపోయారు. తీగ లాగితే డొంక కదిలి, 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ కుర్చీ దిగిపోయాడు. ఆయన ఇంకా కుర్చీలో ఉండగానే, 1973లోనే ఒక హాస్య పత్రిక రష్యాలో ఏదో గొడవ జరిగినట్టు కల్పించి దానికి 'వోల్గాగేట్' అని పేరు పెట్టింది. అలా ఈ తోక పుట్టిందే వేళాకోళంలో. దాన్ని ఊరూరా తిప్పినవాడు విలియం సఫైర్. ఆయన ఒకప్పుడు నిక్సన్‌కు ఉపన్యాసాలు రాసిపెట్టి, తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో కాలమిస్టయ్యాడు. దొరికిన ప్రతి గొడవకూ గేట్ తగిలించాడు. ప్రతిదీ గేటే అయితే పాత యజమాని చేసిన పని కాస్త చిన్నదిగా కనిపిస్తుందన్న ఆశ కూడా అందులో ఉందని గిట్టనివాళ్లు అంటారు.

తర్వాత ఆ గేటుకు తలుపులే లేకుండా పోయాయి. 2008 సిడ్నీ టెస్టు గొడవ మంకీగేట్. 2018లో కేప్‌టౌన్‌లో ఆస్ట్రేలియా ఆటగాళ్లు బంతిని గరుకు కాగితంతో రుద్దితే శాండ్‌పేపర్‌గేట్. 2012లో మన దేశంలో బొగ్గు గనుల కేటాయింపుల మీద కాగ్ నివేదిక 1.86 లక్షల కోట్ల లెక్క చెప్పినప్పుడు ఇంగ్లీషు పేపర్లకు 'కోల్‌గేట్' దొరికింది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆ హెడ్డింగ్ చదివినవాళ్లకు చేతిలోని పేస్టు ట్యూబు వైపు చూపు పోకుండా ఉండదు. అదే ఏడు లండన్‌లో ఇంకా తమాషా జరిగింది. ప్రధాని నివాసం ముందు ప్రభుత్వ చీఫ్ విప్ సైకిల్ మీద వచ్చి పెద్ద గేటు తియ్యమంటే, పోలీసులు చిన్న గేటులోంచి పొమ్మన్నారు. మాటామాటా పెరిగి రచ్చయింది. నిజమైన గేటు దగ్గరే గొడవ జరిగితే దానికి ఏ పేరు పెట్టాలి? కొందరు 'గేట్‌గేట్' అన్నారు.

ఈ విషయంలో ఇంగ్లీషువాళ్లను చూసి నవ్వే హక్కు తెలుగువాళ్లకు లేదు. మన గేటు పేరు కుంభకోణం. అది తంజావూరు జిల్లాలో కావేరి ఒడ్డున ఉన్న ఊరు. గుళ్లకూ గోపురాలకూ డిగ్రీ కాఫీకీ పేరుపడిన ఊరు. తమిళులకు ఆ మాటంటే పుణ్యక్షేత్రం. మనకూ మలయాళులకూ మాత్రం డబ్బు మాయమైన కేసు. 'బోఫోర్స్ కుంభకోణం' అని మనం మామూలుగా అనేసే మాట ఆ ఊరివాళ్ల చెవిన పడితే ఎలా ఉంటుందో! ఇంగ్లీషువాళ్లు ఒక భవనం పేరులో సగం తీసుకున్నారు, మనం ఊరు ఊరంతా తీసేసుకున్నాం.

అంతకంటే ఇష్టమైన తోక మనకు ఇంకొకటుంది: భాగోతం. నేను చాలాకాలం ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. ఒక రాత్రి ఎడిషన్ టైమ్ దగ్గరపడుతుంటే కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ సింగిల్ కాలం వార్తకు హెడ్డింగ్ కుదరక తల పట్టుకుని చీఫ్ సబ్‌ను అడిగాడు. ఏదో ఊళ్లో నకిలీ సర్టిఫికెట్ల వార్త.

'సార్, కుంభకోణం పట్టట్లేదండీ.'

'పట్టకపోతే భాగోతం పెట్టు.'

'భాగోతం అనడానికి ఇంకా ఏమీ తేలలేదు కదండీ, విచారణే నడుస్తోంది.'

'అయితే వ్యవహారం పెట్టు.'

'వ్యవహారం అంటే మరీ చప్పగా ఉంటుందండీ.'

'ఉండనీ. రేపు వాడు నిర్దోషి అని తేలితే ఆ చప్పదనమే మనల్ని కాపాడుతుంది.'

చీఫ్ సబ్ ఆ రాత్రి చెప్పినది జర్నలిజం పాఠం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే భాషాశాస్త్రం కూడా. తెలుగు డెస్కులో నేరాన్ని కొలవడానికి మెట్లున్నాయి. అనుమానం స్థాయిలో వ్యవహారం, కాస్త ఆధారం దొరికితే ఉదంతం, రచ్చకెక్కితే భాగోతం, కోట్లలోకి వెళితే కుంభకోణం. ఇంగ్లీషు గేటుకు ఈ మెట్లు లేవు. దేశాధ్యక్షుణ్ని దించిన కుట్రా గేటే, బంతిని గీకడమూ గేటే. ఆ తోక తగిలిన ప్రతిదీ ఒకే ఎత్తులో కనిపిస్తుంది. సరదా తోకల మీద నాకున్న గట్టి ఫిర్యాదు ఇదే. నవ్వించడం తేలిక, తూచడం వాటివల్ల కాదు.

భాగోతం మాటను ఇంకాస్త దగ్గరగా చూద్దాం. భాగవతం అంటే భగవంతుడి కథ. దాన్ని ఆడేవాళ్లు భాగవతులు, జనం నోట భాగోతులు. వాళ్లాడింది వీధి భాగోతం. రాత్రంతా వేషాలు, దివిటీలు, సత్యభామ జడ. ఆ వేషాల వాసనే పట్టుకుని దొంగ వేషాలన్నిటినీ జనం భాగోతం అన్నారు. భూముల భాగోతం, బదిలీల భాగోతం. భారతంలోంచి పర్వం తీసుకున్నాం, ఎన్నికల ముందు రాజీనామాల పర్వం నడుస్తుంది. రామాయణం పేరు చెబితే గుర్తొచ్చే కాండను దమనకాండకు, హత్యాకాండకు తగిలించాం. పత్రికల తెలుగు పొద్దున లేస్తే మూడు పురాణ గ్రంథాల తోకలు పట్టుకుని నడుస్తోంది. అమెరికావాడు ఒక దొంగతనంలోంచి ప్రత్యయం చేసుకున్నాడు, మనం ఏకంగా వ్యాసుణ్నీ వాల్మీకినీ పనిలో పెట్టుకున్నాం.

తోకలాట పెద్దలు నేర్పేది కాదు, భోజనాల దగ్గర పుడుతుంది. దానికి సాక్ష్యం ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ ఇచ్చాడు. 18వ శతాబ్దం చివర రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు చుట్టూ తిరిగి చూసే పెద్ద బొమ్మకు 'పనోరమా' అని పేరు కట్టాడు. గ్రీకులో అంతా కనిపించేది అని. తర్వాత 1822లో పారిస్‌లో వెలుగునీడలతో దృశ్యాలు మార్చే 'డయోరమా' వచ్చింది. ఊరంతా దాని మాటే. బాల్జాక్ నవల 'లె పేర్ గోరియో'లో ఒక పూటకూళ్ల ఇల్లు ఉంటుంది. అక్కడ భోజనానికి కూర్చున్నవాళ్లు కనిపించిన ప్రతిదానికీ 'రమా' తగిలించి ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటారు. ఆరోగ్యం, చలి, సూపు, చివరికి ఎదురుగా కూర్చున్న ముసలాయన పేరు, ఏదీ తప్పించుకోలేదు. నవల వచ్చి రెండు వందల ఏళ్లు కావస్తోంది. తర్వాతి కాలంలో అమెరికాలో 1939లో ఒక పెద్ద ప్రదర్శనలో 'ఫ్యూచరమా' వచ్చింది, 1952లో మూడు ప్రొజెక్టర్ల 'సినిరమా' వచ్చింది. వ్యాపారులు కోట్లు పెట్టి చేసిన పేర్లను ఆ పూటకూళ్ల ఇంటి అల్లరిగుంపు ఊరికే చేసి పారేసింది.

మొన్న మా ఇంట్లోనూ అదే జరిగింది. మేనకోడలు కాలేజీలో హ్యాకథాన్ అయ్యాక వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు. ఆదివారం పొద్దున ఇడ్లీల మీద ఇడ్లీలు వేసుకుంటుంటే మా ఆవిడ 'ఏమిటే ఆ తినడం' అంది. 'ఇడ్లీథాన్ అత్తయ్యా' అంది అది. పక్కన తమ్ముడు అందుకున్నాడు. అక్క రాత్రి పెట్టింది గురకథాన్ అట. నాన్న ఫోన్‌లో మాట్లాడేది సోదిథాన్ అట. 'మామయ్య చెప్పే పాత డెస్కు కథలు?' అని నేనే అడిగాను. ఇద్దరూ మొహాలు చూసుకుని 'అవి అల్ట్రాథాన్ మామయ్యా' అన్నారు. ఎవరూ వాళ్లకు సూత్రం చెప్పలేదు. ఎక్కువసేపు, ఆగకుండా, ఒళ్లు హూనమయ్యేదాకా చేసేదేదైనా థాన్ అని వాళ్ల చెవికి తెలుసు.

మారథాన్‌లో 'థాన్' అంటే ఏమీ లేదు. మారథాన్ గ్రీసులో ఒక మైదానం. క్రీస్తుపూర్వం 490లో అక్కడ యుద్ధం జరిగింది. గెలుపు కబురు మోసుకుని ఒకడు ఏథెన్స్ దాకా పరిగెత్తి ప్రాణం వదిలాడన్న కథను తలుచుకుని 1896 ఒలింపిక్స్‌లో పరుగుపందెం పెట్టారు. గ్రీకులో మారథాన్ అంటే సోంపు. హోటల్లో బిల్లుతో పాటు గిన్నెలో పెట్టే సోంపే. ఆ మైదానంలో అది విరగ్గా కాసేదట. 1949లో మిల్టన్ బెర్ల్ గంటల తరబడి టీవీలో విరాళాలు అడిగితే టెలీథాన్ అయింది. 1999లో కెనడాలో కొందరు ప్రోగ్రామర్లు ఒకచోట కూచుని పనిచేస్తే హ్యాకథాన్ అయింది. సోంపు మొక్క చివరి అక్షరాలు పట్టుకుని ఇవాళ హైదరాబాద్‌లో వాకథాన్‌లు, హ్యాకథాన్‌లు నడుస్తున్నాయి.

తోక బతకడానికి వాడి సరిపోదు. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. స్పుత్నిక్ అంటే తోటి బాటసారి. నడుమనున్న 'పుత్' మన పథానికి చుట్టమే. మన పథికుడిలో 'ఇకుడు' ఎలాంటిదో వాళ్లకు 'నిక్' అలాంటిది. నెల తిరక్కుండానే రెండో స్పుత్నిక్‌లో లైకా అనే కుక్కను పంపితే అమెరికా పేపర్లు దాన్ని 'మట్నిక్' అన్నాయి. డిసెంబర్‌లో అమెరికా సొంత రాకెట్ పైకి లేచీలేవగానే పేలిపోతే వాళ్ల పేపర్లే 'ఫ్లాప్నిక్', 'కపుట్నిక్', 'స్టేపుట్నిక్' అని ఏకేశాయి. 1958 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కాలమిస్టు హెర్బ్ కేన్ గడ్డాలు పెంచిన 'బీట్ తరం' కుర్రాళ్లను 'బీట్నిక్'లన్నాడు. ఆ గుంపులో ఇవాళ నిఘంటువులో కాళ్లు చాపుకుని కూర్చున్నది బీట్నిక్ ఒక్కటే. మిగతావి రాకెట్‌తో పాటే కూలిపోయాయి. వాటికి నవ్వు తప్ప వేరే పని లేదు. బీట్నిక్‌కు పనుంది. ఆ రకం కుర్రాణ్ని చూపించడానికి ఇంకో మాట లేదు.

గాడ్జిల్లా తోకదీ ఇదే సంగతి. 1954లో జపాన్‌వాళ్లు గొరిల్లాకు తమ భాషలో తిమింగలానికి ఉన్న పేరు కలిపి 'గొజిరా' చేశారు. అమెరికాకు వచ్చేసరికి అది గాడ్జిల్లా అయింది. దాని తోక తెంచి, పెళ్లి ఏర్పాట్ల మీద అందరినీ హడలగొట్టే పెళ్లికూతురికి 'బ్రైడ్‌జిల్లా' అని తగిలించారు. ఆ మాట మొదటిసారి విన్న తెలుగువాడికి కొత్తగా ఏర్పడిన జిల్లా అనిపిస్తుంది. కలెక్టరూ ఎస్పీ లేకపోయినా ఆ జిల్లాలో పాలన మాత్రం గట్టిగా ఉంటుంది. ఇదీ అవసరమున్న మాటే, అందుకే బతికింది.

మన సినిమా పేరు చివర ఉన్న తోకను మరిచిపోతే పాపం. హాలీవుడ్‌లో ఉన్న వుడ్‌కు అడవి అని అర్థం. 1932లో ఒక అమెరికన్ ఇంజనీరు కలకత్తా టాలీగంజ్ స్టూడియోల గురించి తమ దేశపు పత్రికకు రాస్తూ సరదాగా 'టాలీవుడ్' అన్నాడు. టాలీగంజ్‌కు ఆ పేరు విలియం టాలీ అనే ఇంగ్లీషు అధికారి వల్ల వచ్చింది. అంటే ఆ మాటలో తల ఒక దొరది, తోక కాలిఫోర్నియాది. తర్వాత బాలీవుడ్, కోలీవుడ్, మాలీవుడ్, లాహోర్‌కు లాలీవుడ్, నైజీరియాకు నాలీవుడ్. తెలుగు సినిమా కూడా టాలీవుడ్ పేరునే సొంతం చేసుకుంది. 'తె' కాకపోతే 'టా' అని సర్దుకుంది. ఈ వరసలో ఒక్క కన్నడంవాళ్లే చెట్టును మళ్లీ చెట్టుగా చేశారు. వాళ్లది శాండల్‌వుడ్. గంధం చెట్టు నిజంగా ఉంది, అది కర్ణాటక అడవుల్లో పెరుగుతుంది. తెగిన తోకను తిరిగి ఒంటికి అతికించినట్టయింది.

పండితులకు ఇదంతా నచ్చదని వేరే చెప్పాలా. సంస్కృతాన్నీ తెలుగునూ ఇష్టం వచ్చినట్టు కలిపి సమాసం చేస్తే మనవాళ్లు దుష్టసమాసమన్నారు, వైరిసమాసమన్నారు. ఇంగ్లీషు పండితులకూ ఇదే పట్టింపు. 'టెలివిజన్' అన్న మాటలో సగం గ్రీకు, సగం లాటిన్, దీనివల్ల ఏ మంచీ జరగదని మాంచెస్టర్ గార్డియన్ సంపాదకుడు సీపీ స్కాట్ అన్నాడని చెబుతారు. సాయంత్రం ఏడింటి చర్చాకార్యక్రమాలు చూస్తే ఆయన జోస్యం పూర్తిగా తప్పిందని చెప్పలేం కానీ, ఆ పాపం సమాసానిది కాదు.

తెలుగుకు మాటలతో ఆడుకోవడం రాదా అంటే అదేం లేదు. మన ఆట తోక దగ్గర కాదు, తల దగ్గర. పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ, పెళ్లీ గిళ్లీ. ఏ మాటకైనా తల తీసి 'గి' పెడితే దాని వెనకున్న చిల్లరంతా అందులోకి వచ్చేస్తుంది. 'మారథాన్ గీరథాన్ నాకు తెలీదు, మోకాళ్ల నొప్పి' అంటే గ్రీసు నుంచి వచ్చిన మాటకైనా మన 'గి' సంకోచించదు. ముళ్లపూడి వెంకటరమణ తీసేసిన తాసిల్దారును 'తీతా' అన్నారు. రెండు మాటల తలలు కోసి కలిపితే పదవి పోయిన పెద్దమనిషి మొత్తం రెండక్షరాల్లో కూర్చున్నాడు. వికీపీడియా తెలుగులో 2003లో మొదలయ్యాక అక్కడ రాసేవాళ్లు దాన్ని 'తెవికీ' అని పిలుచుకుంటున్నారు. హవాయి భాషలో త్వరగా అనే అర్థమున్న 'వికీ'కి తెలుగు తల పెట్టారు. ఏ అకాడమీ తీర్మానమూ లేకుండా అది నిలబడిపోయింది.

ఇన్ని తోకలు చూశాక నాకు తోచింది చెబుతాను. ఏ తోక మాటైనా మొదట నవ్వుతో వస్తుంది. ఆ నవ్వు ఉన్నంతకాలం అది అతిథి. నవ్వు ఆగిపోయిన రోజున అది ఇంటిమనిషవుతుంది. బస్సు అంటే ఎవరూ నవ్వరు. బర్గర్ అంటే నవ్వరు, ఆకలేస్తుంది. హ్యాకథాన్ అంటే పదేళ్ల కిందట పెదవి కదిలేది, ఇప్పుడు నోటీసు బోర్డులో తేదీ చూసుకుంటారు. ఫ్లాప్నిక్ ఎప్పటికీ ఇంటిమనిషి కాలేదు, నవ్వు అయిపోగానే చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అందుకని పిల్లలు కొత్త మాట కట్టినప్పుడు తప్పొప్పులు చూడటం నేను మానుకున్నాను. విన్నవాళ్లకు వెంటనే తెలిసిందా, దానికి ఇంకెక్కడైనా పని ఉందా, ఈ రెండే చూస్తాను. ఇడ్లీథాన్‌కు పెద్ద పని లేదు, వచ్చే ఆదివారానికి పోతుంది. సోదిథాన్ సంగతి మాత్రం చెప్పలేను, మా బావమరిది ఫోన్ చేస్తూనే ఉంటాడు.

ఇప్పటి తెలుగు పాడైపోయిందని బాధపడే ఉత్తరాలు పత్రికలకు తరచూ వస్తాయి. డెస్కులో ఉండగా నేనూ ఎన్నో ఎడిట్ చేశాను. ఇంగ్లీషు మాటలు కుక్కకండి, తోకలు తగిలించకండి, భాషను కాపాడండి అని. మంచి ఉత్తరాలే, మంచి తెలుగులో రాసినవే. వాటన్నిటిలో శత్రువు పేరు ఒక్కటే: టెంగ్లిష్. హింగ్లిష్, సింగ్లిష్‌ల తోబుట్టువు. ఇంగ్లిష్ అన్న మాటలో ప్రత్యయం 'ఇష్' మాత్రమే. దాని ముందున్న 'ల' ఏంగిల్ అనే పాత తెగ పేరులోది. ఆ తెగ అక్షరాన్ని కూడా లాక్కుని తెంచిన తోకకు తెలుగు తల పెట్టి చేసిన మాట అది. కల్తీ వద్దని తిట్టడానికి దొరికిన ఒకే ఒక్క మాట నిలువెల్లా కల్తీ. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు కానీ, దిద్దిన నేను కానీ, చదివిన వేలమంది కానీ ఆ మాట దగ్గర ఒక్కసారీ నవ్వలేదు. నవ్వలేదంటే అది ఎప్పుడో తెలుగైపోయిందనే.